పల్నాటి క్రైస్తవ సంఘము, విశ్వవిద్యాలయ జర్నలిజం విద్య: ఒక చారిత్రక పరిశీలన

ఈ వ్యాసము రెండు చరిత్రలను ప్రక్కప్రక్కన ఉంచి చూడటానికి చేసిన ప్రయత్నము. ఒకటి, మన దేశములో, ముఖ్యముగా తెలుగు ప్రాంతములో జర్నలిజం ఒక విశ్వవిద్యాలయ చదువుగా నిలిచిన చరిత్ర. రెండవది, గురజాల, మాచర్ల, నరసరావుపేట ప్రాంతములలోని మన సంఘముల చరిత్ర. ఈ రెంటికీ సంబంధమేమిటని పాఠకులు అడుగవచ్చు. సంబంధము ఉన్నది, కాని అది మధ్యలో తెగిపోయినది. పత్రికను, ఆ తరువాత పత్రికా విద్యను ఈ దేశములో నాటిన వారిలో క్రైస్తవ సంస్థలు ముందు వరుసలో ఉన్నాయి. అయినను పల్నాటి వంటి చోట సంఘము తన పిల్లలను ఉపాధ్యాయులుగా, నర్సులుగా, బోధకులుగా పంపినంత ఇష్టముగా ఆ చదువుకు పంపలేదు. మన వారికి చదువుట నేర్పినాము. విచారించి వ్రాయుట నేర్పలేదు. ఆ లోటుకు ఎంత మూల్యము చెల్లించామో చూపుటయే ఇక్కడ నా ఉద్దేశము.

సేరంపూరు నుండి బళ్ళారి వరకు

మనలో చాలామంది బి.డి. పట్టా మీద సేరంపూరు పేరు ఉంటుంది. ఆ కళాశాల 1818లో స్థాపించబడినదని సంఘ చరిత్ర పరీక్ష కోసము అందరమూ కంఠస్థము చేసినవారమే. అదే సంవత్సరము మే 23న అక్కడి మిషనెరీలు 'సమాచార దర్పణ్' అనే బెంగాలీ వారపత్రికను ప్రారంభించారు. తెలుగు క్రొత్త నిబంధన కూడా అదే యేట సేరంపూరు ముద్రణాలయములో అచ్చయినది. మన వేదాంత విద్యకు మూలస్థానమైన చోటనే వార్తాపత్రిక కూడా పుట్టిందన్న సంగతి మన తరగతులలో అంతగా చెప్పుకోము.

ఇక్కడ ఒక చిన్న విషయము గమనించాలి. వార్తాపత్రిక పెట్టే విషయములో విలియం కేరీ గారు మొదట వెనుకాడారు. కంపెనీ ప్రభుత్వమునకు ఆగ్రహము కలిగి, మిషను పనికే ఆటంకము వచ్చునేమోనని ఆయన భయము. మార్ష్‌మన్ గారు పట్టుబట్టారు. గవర్నరు జనరల్ హేస్టింగ్స్ అభ్యంతరము చెప్పకపోగా ప్రోత్సహించటముతో పత్రిక నిలిచినది. కేరీ అంతటి వాడే జంకినప్పుడు మన పాస్టరేటు కమిటీలు జంకటములో వింత లేదు. కాని ఆయన జంకి ఆగిపోలేదు.

తెలుగులో తొలి పత్రికగా పలువురు చరిత్రకారులు పేర్కొనే 'సత్యదూత' 1835లో బళ్ళారి క్రైస్తవులు నడిపినదే. అది ప్రధానముగా మత ప్రచార పత్రిక. దానిలో నేటి అర్థములో వార్తలు వెదకరాదు. అయితే నెలనెలా అచ్చు కాగితము చేతికి వచ్చుట అనే అలవాటు తెలుగువారికి అట్లు మొదలైనది.

గురజాల ఉత్తరములు

1842 జులై 31న గుంటూరు చేరిన ఫాదర్ హయ్యర్ గారి సంగతి లూథరన్ సంఘములలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కలెక్టరు హెన్రీ స్టోక్స్ గారు ఆయనను ఆదరించారు. హయ్యర్ గారు మధ్యలో అమెరికాకు వెళ్లి, యాభై ఏళ్ల వయస్సు దాటిన తరువాత 1847లో బాల్టిమోరులో వైద్య పట్టా తీసుకొని, 1848లో మరల గుంటూరు వచ్చారు. 1849లో పల్నాడు పని చేపట్టి గురజాలను కేంద్రముగా చేసుకున్నారు. ఎండకు రాళ్లు పగిలే ఆ ప్రాంతములో ఊరూరా తిరిగిన వృత్తాంతము నేడు మనకు ఎలా తెలుస్తున్నది? ఆయన, ఆయన తరువాతి మిషనెరీలు తమ దేశమునకు వ్రాసిన ఉత్తరముల ద్వారా, నివేదికల ద్వారా. ఆ ఉత్తరములు అక్కడి లూథరన్ పత్రికలలో అచ్చయ్యాయి. పెన్సిల్వేనియాలోని ఒక రైతు కుటుంబము ఆదివారము సాయంత్రము గురజాల గురించి చదివినది. గురజాలవారు మాత్రము తమ గురించి ఏమి వ్రాయబడినదో ఎరుగరు.

ఇది మిషనెరీలను తప్పుపట్టుట కాదు. వారు వ్రాయకపోతే మనకు ఆ మాత్రము చరిత్ర కూడా మిగిలేది కాదు. 1883లో నరసరావుపేటలో స్థానము ఏర్పరచుకున్న అమెరికన్ బాప్టిస్టు మిషను వారి విషయములోను ఇదే జరిగినది. నేను చెప్పేది, ఆ నివేదికలు ఎవరి కొరకు వ్రాయబడ్డాయో గమనించమని. విరాళము ఇచ్చేవారి కొరకు వ్రాసిన కాగితములో బాప్తిస్మముల లెక్క ఉంటుంది, కరువు ఉంటుంది, ఒక మారుమనస్సు కథ ఉంటుంది. మాలపల్లె, మాదిగపల్లెల వారు ఆ కథలో పాత్రలే గాని కథ చెప్పేవారు కాదు. పల్నాటి సంఘ చరిత్ర మీద పని చేసే విద్యార్థికి నేటికీ ముఖ్యమైన ఆధారములు సముద్రమునకు ఆవల ఉన్నాయి. మన దగ్గర ఉన్నవి చెదలు పట్టిన రిజిస్టర్లు.

కాని పల్నాటిలో కథ చెప్పేవారు లేకపోలేదు. ఈ మాట పాఠకులకు కొంత ఇబ్బంది కలిగించవచ్చు. కారెంపూడిలో యేటేటా కార్తీక మాసములో అయిదు దినములు జరిగే వీరుల ఉత్సవములో పల్నాటి వీరుల కథను పాడేవారు వీరవిద్యవంతులు. వారు మాల కులస్థులు. ఆ అయిదు దినములలో ఒక దినము పేరే రాయబారము. అమెరికా పరిశోధకుడు జీన్ రోగేర్ ఆలిసెట్టి గాలెయ్య గారు పాడిన కథను సేకరించి 1982లో ఆంగ్లములో గ్రంథముగా ప్రకటించారు. ఎవరు ఎవరితో ఏమన్నారు, ఏ ఊరి మీదుగా దండు నడిచినది, ఎవరి గుర్రము ఎక్కడ ఆగినది అన్నవి తప్పకుండా చెప్పగల జ్ఞాపకశక్తి గల మనుషులు ఆ పల్లెలలోనే ఉన్నారు. వారి ఇరుగుపొరుగులే, వారి బంధువర్గమే మన సంఘములలో చేరినది. ఆ కథలోని దేవతారాధనను సంఘము విడిచిపెట్టమన్నది; ఆ నిర్ణయమును ఇక్కడ నేను ప్రశ్నించటము లేదు. అయితే దానితోపాటు ఊరి సంగతి నిలబడి చెప్పే విద్య కూడా పోయినది. దాని స్థానములో మరియొకటి ఇవ్వలేదు.

వినుకొండలో 1895లో జన్మించిన గుఱ్ఱం జాషువ గారిని ఈ సందర్భములో తలచుకోవాలి. వినుకొండ 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాలోనిదే. జాషువ గారిని మనము కవిగా మాత్రమే ఎరుగుదుము. ఆయన బ్రదుకుతెరువు చూడండి. 1915-16లో రాజమండ్రిలో మూకీ సినిమాలకు వాచకుడు. తెర మీద బొమ్మ కదులుతుంటే ప్రక్కన నిలబడి కథ, సంభాషణలు వినిపించే ఉద్యోగము. ఆ తరువాత గుంటూరు లూథరన్ ఉపాధ్యాయ శిక్షణాలయములో ఉపాధ్యాయుడు. 1957 నుండి 1959 వరకు మద్రాసు ఆకాశవాణిలో కార్యక్రమ నిర్మాత. ఆయన కాలములో ఉన్న ప్రతి ప్రసార సాధనములోను పల్నాటి క్రైస్తవుడొకడు పని చేసి చూపాడు. అట్టివానిని అన్యదేవతల కథలు వ్రాశాడని మన వారిలోని ఛాందసులు నిరసించారు. ఆ నిరసన చూసిన తల్లిదండ్రులు తమ పిల్లలను కలము పట్టే వృత్తికి ఎందుకు పంపుతారు?

చదువుగా మారిన వృత్తి

పత్రికా రచన నేర్పేది కాదు, పుట్టుకతో రావాలని ఒకప్పుడు పత్రికలవారే అనేవారు. ఆ అభిప్రాయమునకు మొదటి జవాబు 1908లో అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయములో జర్నలిజం పాఠశాలగా వచ్చినది. మన దేశములో అనీబిసెంట్ గారు 1920లో అడయారులో చేసిన ప్రయత్నము నిలువలేదు. 1941లో లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయములోను, 1947లో మద్రాసులోను శాఖలు వచ్చాయి.

మనకు ముఖ్యమైనది 1952లో నాగపూరు హిస్లాప్ కళాశాలలో ఆరంభమైన శాఖ. హిస్లాప్ స్కాట్లండు మిషనెరీలు స్థాపించిన క్రైస్తవ కళాశాల. అక్కడ జర్నలిజం శాఖను నిలబెట్టిన రోలండ్ వుల్స్‌లీ అమెరికాలోని సిరక్యూస్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు. ఆయన అప్పటికే సంఘమును పత్రిక ద్వారా, రేడియో ద్వారా ప్రజలకు తెలియజేయుట గురించి ఒక గ్రంథము వ్రాసి ఉన్నాడు. 1951లో ఆ గ్రంథమును అచ్చువేసినది ఫిలడెల్ఫియాలోని మ్యూలన్‌బర్గ్ ప్రెస్. అది అమెరికా యునైటెడ్ లూథరన్ సంఘమువారి ముద్రణాలయము. గుంటూరు మిషనును పోషించిన సంఘము కూడా అదే. ఒకే సంఘపు అచ్చుయంత్రము మీద నుండి వెలువడిన ఆ ఆలోచన నాగపూరు వరకు వచ్చినది. నాగపూరుకు గుంటూరు ఎంతో దూరము కాదు. అయినను మన కళాశాలలలో దాని జాడ నాకు కనబడలేదు.

రెండేండ్లకు, 1954లో, హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయము జర్నలిజం శాఖను ప్రారంభించినది. తెలుగు ప్రాంతములో ఇది మొదటిది. దీని తొలి అధిపతి డి ఫారెస్ట్ ఓడెల్ కూడా అమెరికావాడే. తమ దేశములో జర్నలిజం విద్య ఎట్లు పెరిగినదో 1935లోనే చరిత్ర గ్రంథము వ్రాసినవాడు. తొలుత డిప్లొమాగా ఉన్న చదువు తరువాత బి.సి.జె., ఎం.సి.జె. పట్టాలుగా పెరిగినది. మొదటి ప్రెస్ కమిషను నివేదిక కూడా 1954లోనే వచ్చినది. క్రమేణా మనకు దగ్గరలోనే, 1976లో ఏర్పడిన నాగార్జున విశ్వవిద్యాలయములో కూడా ఈ చదువు అందుబాటులోకి వచ్చినది. నరసరావుపేటలో ఉదయము బస్సు ఎక్కితే తరగతి వేళకు చేరవచ్చు.

ఇంతకీ ఆ చదువులో ఏమి నేర్పుతారు? ఎవరు, ఏమి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అనే ఆరు ప్రశ్నలకు జవాబు లేనిదే వార్త కాదని మొదటి వారములోనే చెప్తారు. విన్నదానికి, చూచినదానికి తేడా వ్రాయాలి. చెప్పినవాని పేరు చెప్పాలి. ఎదుటి పక్షమును అడగాలి. ముఖ్యమైనది ముందు చెప్పి, తక్కువ ముఖ్యమైనది క్రిందికి దించాలి. పరువునష్టము చట్టము, కోర్టు ధిక్కారము, పత్రికల చరిత్ర ఉంటాయి. మనము సెమినరీలో నేర్చుకున్న ప్రసంగ నిర్మాణమునకు ఇది పూర్తిగా భిన్నము. ప్రసంగములో ముఖ్యమైనది చివర వస్తుంది, అప్పటికి కొందరు నిద్రపోతారు.

మన సంఘ పత్రికలలోని నివేదికలను ఒకసారి ఈ ఆరు ప్రశ్నలతో చూడండి. సభలు ఎంతో ఆశీర్వాదకరముగా జరిగినవనియు, అనేకులు మేలు పొందిరనియు ఉంటుంది. ఎందరు వచ్చారు, ఎంత ఖర్చయినది, ఏ తీర్మానము చేశారు, దానిని వ్యతిరేకించినది ఎవరు అన్నవి ఉండవు. నేను కూడా ఇట్టి నివేదికలు చాలా వ్రాశాను. యాభై ఏళ్ల తరువాత ఒక పరిశోధక విద్యార్థి వాటిని చదివితే అతనికి దక్కేది వక్త పేరు, భోజన దాత పేరు మాత్రమే.

రెండవ సమూయేలు 18వ అధ్యాయములో దావీదు ఎదుటికి ఇద్దరు వార్తాహరులు పరుగెత్తుకొని వస్తారు. అహిమయస్సు ముందు చేరాడు, అతని పరుగు తీరును కావలివాడు గుర్తుపట్టాడు, మంచివాడని రాజు కూడా అన్నాడు. అయితే అబ్షాలోము సంగతి అడిగితే ఏదో కలకలము కనబడినదని దాటవేశాడు. వెనుక వచ్చిన పరదేశి కూషీయే సంగతి చెప్పాడు. మన ప్రసార పరిచర్యలలో అహిమయస్సులు ఎక్కువ.

కాలమ్ అంగుళములు, కాలువలు

1974 ఆగస్టు 10న విశాఖపట్నములో 'ఈనాడు' ప్రారంభమైన తరువాత తెలుగు పత్రిక పట్టణములను దాటి పల్లెకు వచ్చినది. 1989 నుండి జిల్లా అనుబంధములు రావటముతో మండలానికొక విలేకరి అవసరమయ్యాడు. వీరిలో చాలామందికి జీతము లేదు. అచ్చయిన వార్తను కొలిచి డబ్బు ఇచ్చే పద్ధతి. దానినే లైన్ ఎకౌంట్ అనేవారు. ఆ డబ్బు బస్సు చార్జీలకు కూడా చాలదు. కనుక ఇంట్లో ఆధారము ఉన్నవాడు, దుకాణము లేక ఏజెన్సీ ఉన్నవాడు, ఊరి పెద్దలతో పరిచయము ఉన్నవాడు ఆ పనిలో నిలిచాడు. కూలికి వెళ్లే ఇంటి పిల్లవాడు నిలువలేకపోయాడు. డెస్కులో ఉద్యోగము కావాలంటే పట్టా కావాలి, లేదా పత్రికలవారి స్వంత పాఠశాలలో శిక్షణ కావాలి. ఈ విధముగా జర్నలిజం చదువు పల్నాటి క్రైస్తవ యువకునికి సరదా కాదు. లోపలికి పోవటానికి ఉన్న ఒకే ద్వారము.

ఆ ద్వారము ఎంత ఇరుకో 1996లో ఢిల్లీలో బయటపడినది. వాషింగ్టన్ పోస్టు విలేకరి కెన్నెత్ కూపర్, ఆయన నల్లజాతివాడు, తనకు ఒక దళిత పాత్రికేయుని పరిచయము చేయమని బి.ఎన్. ఉనియాల్ గారిని అడిగాడు. ఉనియాల్ గారు గుర్తింపు పొందిన పాత్రికేయుల జాబితా అంతా వెదికి ఒక్కరిని కూడా కనుగొనలేకపోయారు. ఆ సంగతిని ఆయన 1996 నవంబరు 16న 'ది పయనీర్' పత్రికలో వ్రాశారు. భారతీయ భాషా పత్రికలపై ఏళ్ల తరబడి పరిశోధించిన రాబిన్ జెఫ్రీ గారి అనుభవము కూడా ఇదే.

ఇది ఢిల్లీ సంగతి మాత్రమే కాదు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులు చంపబడ్డారు. చుండూరు బాధిత కుటుంబములలో మన క్రైస్తవులు ఉన్నారు. శవములను కాలువలలో పడవేయగా తరువాతి రోజులలో దొరికాయి. చుండూరులోనే ఏర్పాటైన ప్రత్యేక న్యాయస్థానము 2007లో శిక్షలు విధించగా, 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నిటిని కొట్టివేసినది. చనిపోయిన సమయము, జరిగిన స్థలము, దాడి చేసినవారి గుర్తింపు నిరూపించబడలేదన్నది ప్రధాన కారణము. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు. ఆ నిరూపణ పోలీసువారి బాధ్యత, సంఘము బాధ్యత కాదు. దీనిని నేను కలగాపులగము చేయటము లేదు. అయితే ఆ మధ్యాహ్నము నుండి రాత్రి వరకు ప్రతి ఇంటికి వెళ్లి గంటతో సహా వ్రాసిపెట్టే శిక్షణ గల ఒక్క మనిషి మన పేటలో ఉండి ఉంటే బాగుండునని ఆ తీర్పు గురించి చదివిన రోజున అనిపించినది. ఏమి మారేదో చెప్పలేను. వ్రాత మాత్రము మిగిలేది.

ఒక సిఫారసు ఉత్తరము

చరిత్ర వ్యాసములో స్వంత సంగతి చెప్పుట పద్ధతి కాదు. అయితే ఇతరులను తప్పుపట్టి నన్ను విడిచిపెట్టుట న్యాయము కాదు.

2003లో నేను పల్నాటిలో ఒక సంఘములో పరిచర్య చేస్తున్నాను. డిగ్రీ పూర్తి చేసిన ఒక యువకుడు బి.సి.జె. ప్రవేశ పరీక్ష వ్రాస్తానని, సిఫారసు ఉత్తరము కావాలని వచ్చాడు. అప్పటికే ఏడాదిగా ఒక దినపత్రికకు లైన్ ఎకౌంట్ మీద వార్తలు పంపుతున్నాడు. నేను అరగంట కూర్చోబెట్టి మాట్లాడాను. ఆదివారము ఆరాధన పోతుందన్నాను. సారా కాంట్రాక్టర్లతో, రాజకీయ నాయకులతో తిరగాలన్నాను. అబద్ధ సాక్ష్యము పలుకవలసి వస్తుందన్నాను. బి.ఇడి. చేయి బాబూ, అమ్మా నాన్న సుఖపడతారన్నాను. అతడు ఎదురు చెప్పలేదు. "సరే అయ్యగారూ" అని వెళ్లి, బి.ఇడి. చేశాడు. ఉపాధ్యాయుడయ్యాడు. నా సలహా ఫలించినదని చాలా కాలము సంతోషించాను కూడా.

2011లో ఆ సంఘమునకు చెందిన శ్మశాన భూమి హద్దు విషయములో గొడవ జరిగినది. మన వారిని ఇద్దరిని కొట్టారు. మరునాటి పత్రికలో రెండు వర్గముల మధ్య ఘర్షణ అని నాలుగు వరుసలు వచ్చినది. వ్రాసినవాడు స్టేషనుకు ఫోను చేశాడు గాని పేటకు రాలేదు. అంతకంటే వివరము వ్రాయగలవారు ఎవరున్నారని వెదికితే ఆ ఉపాధ్యాయుడే గుర్తుకు వచ్చాడు. సెలవు పెట్టి వచ్చాడు. మూడు రోజులు ఇల్లిల్లు తిరిగి, ఒక నోటుపుస్తకములో సర్వే నంబరు, పాత సమాధుల సంఖ్య, గొడవ మొదలైన గంట, ఎవరు ఏమన్నది, ఆ మాట విన్నది ఎవరు, అన్నీ వ్రాశాడు. అవతలి పక్షము ఇళ్లకు కూడా వెళ్లాడు. అది మన వారికి నచ్చలేదు. ఆ పుస్తకము పట్టుకొని తహసీల్దారు కార్యాలయమునకు వెళ్లినప్పుడు మొదటిసారి మమ్ములను కూర్చోమన్నారు. సర్వేయరు వచ్చి కొలిచాడు. మూడు వైపుల రాళ్లు పాతారు, నాలుగవ వైపు వివాదము నేను బదిలీ అయ్యే వరకు తేలలేదు.

నేడు సేరంపూరు సెనేటు పరిధిలో భావప్రసారము ఎం.టి.హెచ్. స్థాయిలో ఒక విభాగముగా ఉన్నది. రేడియో, దృశ్య మాధ్యమముల గురించి మన సెమినరీలలోను చెప్తారు. అయితే ఎక్కువ శ్రద్ధ మన సందేశమును ఎట్లు పంపాలన్న దాని మీదనే. లూథరన్ వరల్డ్ ఫెడరేషను 1963 నుండి 1977 వరకు ఆడిస్ అబాబాలో నడిపిన రేడియో కేంద్రము తన కాలములో సుమారు 30 శాతమే సువార్త కార్యక్రమములకు ఇచ్చి, మిగిలినది వార్తలకు, విద్యకు, ఆరోగ్యమునకు కేటాయించినది. ఈ సంగతి ఒక తరగతిలో చెప్పినప్పుడు, మిగిలిన 70 శాతము వ్యర్థమే కదా అని ఒక విద్యార్థి అడిగాడు. లూకా తన సువార్త ఆరంభములో తాను ఎట్లు విచారణ చేసినదీ, ఎవరిని అడిగినదీ ఎందుకు చెప్పుకున్నాడో చదివి రమ్మన్నాను.

ఆ నోటుపుస్తకము ఇప్పటికీ సంఘము పెట్టెలో బాప్తిస్మపు రిజిస్టరు ప్రక్కన ఉన్నది. చివరి పేజీలో, ఇంకా అడుగవలసినవారు అని వ్రాసి నాలుగు పేర్లు ఉన్నాయి. మూడవ పేరు నాది. ఎదురుగా, గొడవ రోజున అయ్యగారు ఎక్కడ ఉన్నారు అని ఉన్నది. ఆ రోజు నేను గుంటూరులో సభలలో ఉన్నాను. అతడు అడుగలేదు. నేను చెప్పలేదు.